సెల్ఫ్ మోటారుకి రివైండింగు చేయించే ముందు దాని బ్రాకెట్ చూడండి

మీ ఇంట్లో పాత అంబాసిడరో, ఫియట్ పద్మినో, జీపో ఉంటే ఈ చప్పుడు మీకు కొత్త కాదు. తాళం తిప్పగానే "ఖట్", ఆ తర్వాత ఏమీ ఉండదు. రెండోసారి తిప్పితే పళ్లు ఒరుసుకున్న మోత. మూడోసారికి ఏమీ జరగనట్టు బండి అందుకుంటుంది. మనం సెల్ఫ్, అంటే ఇంజనుని మొదట తిప్పి అందించే మోటారు, విప్పి చంకన పెట్టుకుని ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తాం. ఆయన బ్రష్‌లు మారుస్తాడు, బుష్‌లు వేస్తాడు, లోపల తిరిగే ఆర్మేచర్ పోయింది, రివైండింగు చేయాలి, అంటే తీగ కొత్తగా చుట్టాలంటాడు. తెచ్చి బిగిస్తే పది రోజులు బాగుంటుంది. పదకొండో రోజు మళ్లీ "ఖట్".

నా అంబాసిడర్‌తో నేను ఇలా మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే కాజ టోల్‌గేటు వరసలో ఇంజను ఆగింది. తాళం తిప్పాను. లోపల ఏదో విరిగింది. వెనక లారీల హారన్లు, నెత్తిన మే నెల ఎండ. ఇద్దరు కుర్రాళ్లు పక్కకి తోసిపెట్టారు. బానెట్ ఎత్తి వంగి చూస్తే మోటారు ముందు మూతకి ఉండే బోల్టు చెవి విరిగిపోయి, మోటారు ఓ పక్కకి వాలిపోయి ఉంది.

బండిని తాడు కట్టి ఆటోనగర్ తెచ్చాను. 1966లో మొదలైన జవహర్ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీదే తలపండిన పెద్దాయన ఒకరు మోటారుని పక్కన పెట్టేసి, దాని వెనక ఉండే పట్టీని చేతిలోకి తీసుకున్నారు. ఇంజను బ్లాకు దగ్గర ఆనించి చూపించారు. పట్టీ నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. ఎవరో ఆ నాలుగు మిల్లీమీటర్లనీ బోల్టుతో లాగి బిగించారు. "మోటారు తప్పేం లేదు బాబూ. నడుం వంచి కట్టేసి పరిగెత్తమంటే ఎట్టా పరిగెత్తుద్ది?" అన్నారు. మూడు రివైండింగుల డబ్బు ఎక్కడ పోయిందో అప్పుడు తెలిసింది.

అందుకే ఇది రాస్తున్నాను. సెల్ఫ్ తేడా చేసినప్పుడు మోటారు విప్పే ముందు అది కూర్చున్న చోటు చూడండి. ఎలా చూడాలో, బ్రాకెట్ పాడైతే ఎలా బాగుచేయించాలో, కొత్తది ఎలా చేయించాలో, ఏ వరసలో బిగించాలో చెబుతాను.

బ్రాకెట్ చేసే పని

మోటారుని ఇంజనుకి పట్టి ఉంచే ముందు మూత చెవులు, ప్లేటు, వెనక పట్టీ, వీటన్నిటినీ కలిపి బ్రాకెట్ అంటున్నాను. బ్రాకెట్ అంటే మోటారు కింద పడకుండా పట్టుకునేది అనుకుంటాం. అది చేసే పనుల్లో అదే చిన్నది. అసలు పని దూరం కాపాడటం. మోటారు కొసన ఉండే చిన్న పళ్ల చక్రం, అంటే పినియను, ఇంజను వెనక ఉండే బరువైన చక్రం (ఫ్లైవీల్) చుట్టూ ఉండే పెద్ద రింగు పళ్లలోకి వెళ్లి తిప్పాలి. ఆ పంటికీ ఈ పంటికీ మధ్య సందు మిల్లీమీటరు లోపే. మోటారు కూర్చోవడంలో వెంట్రుకవాసి వంకర ఉన్నా ఆ కొసకి వచ్చేసరికి పళ్లు పట్టుకుంటాయి, లేదా జారిపోతాయి.

ఇంకొకటి చాలామంది మర్చిపోయేది, ఎర్తు. సెల్ఫ్‌కి లావు వైరు ఒకటే వస్తుంది. లోపలికి వెళ్లిన కరెంటు మోటారు ఒంటి మీదుగా, ముందు ఫ్లాంజి (ఇంజనుకి ఆనే, బోల్టు చెవులు ఉన్న ముఖం) మీదుగా, ఇంజను మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్తుంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను తిప్పేటప్పుడు నూరు ఆంపియర్ల పైనే పారుతుంది. అంత కరెంటు ఆ రెండు లోహపు ముఖాల మధ్య నుంచే పోవాలి. అక్కడ పెయింటు ఉన్నా, తుప్పు ఉన్నా, ఎవరో పెట్టిన కాగితం ప్యాకింగు ఉన్నా మోటారు నీరసంగానే తిరుగుతుంది. ఆ నీరసం చూసి రివైండింగు అంటారు.

విప్పకముందే పట్టుకోండి

చెవి పెట్టి వినండి. తాళం తిప్పి ఇంజను ఇంకా అందుకోక ముందు, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ సన్నగా ఈల వేసినట్టు మోత వస్తే పినియనుకీ రింగుకీ మధ్య సందు ఎక్కువైందని అనుమానించండి. ఇంజను అందుకున్నాక, తాళం వదిలే క్షణంలో ఆ మోత వస్తే సందు తక్కువైంది. "గర్ర్"మని గీరితే పినియను పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు. అది వంకర వల్ల కావచ్చు, రింగు పళ్లు అరిగి కావచ్చు. ఒట్టి "ఖట్" మాత్రమే వస్తే బ్యాటరీ, ఎర్తు ముందు చూడాలి.

ఎర్తు చూడటానికి ఒక పద్ధతి, ఎవరైనా చేయగలిగింది. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండు బ్రేకు వేయండి. జంపర్ కేబులు ఒక కొస బ్యాటరీ ఎర్తు పోస్టుకి (ఛాసిస్‌కి వైరు వెళ్లే కొమ్ముకి), రెండో కొస నేరుగా మోటారు ఒంటికి, పెయింటు లేని చోట పట్టించండి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి. ఇందాక మూలిగిన మోటారు ఇప్పుడు హుషారుగా తిరిగితే దానికి ఏ రోగమూ లేదు. దారి బాగాలేదు. వోల్టు మీటరు ఉంటే ఇంకా మంచిది. ఒక ముల్లు బ్యాటరీ ఎర్తు పోస్టు మీద, రెండోది మోటారు ఒంటి మీద పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. 0.2 వోల్టుల లోపు ఉంటే సరే. అర వోల్టు దాటితే దారిలో అడ్డం ఉంది. అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మధ్య 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజను నుంచి ఛాసిస్‌కి అల్లిక రాగి పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబులు గుండానో యాక్సిలరేటరు కేబులు గుండానో పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ తీగ వేడెక్కినా, పొగ వచ్చినా ఆ పట్టీ తెగిందని అర్థం. ఇది నవ్వి వదిలేసే విషయం కాదు, బండి తగలబడుతుంది.

ఇంకో జాగ్రత్త. 50లు, 60లలో వచ్చిన బ్రిటిష్ తరహా బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తు ఉండేది, అంటే ప్లస్ పోస్టే ఛాసిస్‌కి కలిపి ఉండేది. మీ బండిలో ఏ పోస్టు ఛాసిస్‌కి వెళ్తోందో కంటితో చూశాకే కేబుళ్లు పట్టించండి.

విప్పడం

బ్యాటరీ ఎర్తు కేబులు మొదట తీయండి. చేతి ఉంగరం, వాచీ, మెళ్లో గొలుసు కూడా. సెల్ఫ్ లావు వైరుకి ఫ్యూజు ఉండదు. పానా ఒకవైపు ఆ నట్టుకీ మరోవైపు ఛాసిస్‌కీ తగిలితే పానా అక్కడికక్కడే అతుక్కుపోతుంది, మధ్యలో ఉంగరం ఉంటే వేలు కాలుతుంది. బండి కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు, ఇటుకలు అసలే వద్దు. ఇనప స్టాండ్లు పెట్టి, చక్రాలకి చెక్క దిమ్మలు వేయండి.

అంబాసిడర్ పెట్రోలు ఇంజను, ఆ 1489 సి.సి. ఇంజను, ఇంగ్లండు కార్ల కంపెనీ బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి సిరీస్ కుటుంబంలోది. ఎంజీఏ 1500 స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ కుటుంబమే. కాబట్టి ఆ బండి మాన్యువల్ దొరికినా మీకు పనికొస్తుంది. సెల్ఫ్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) వైపు, కిందుగా ఉంటుంది. ఫ్లాంజికి రెండే బోల్టులు. కిందది సులువు. పైది కంటికి కనబడదు, వేళ్లతో తడుముకుంటూ పానా పెట్టాలి. సాకెట్‌కి పొడుగు ఎక్స్‌టెన్షను ఉంటే సగం పని అయినట్టే. ముందురోజు రాత్రే రెండు బోల్టులకీ తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.

పానా విషయంలో తొందరపడవద్దు. ఆ బోల్టులు అంగుళాల లెక్కవి, 3/8 అంగుళం యు.ఎన్.ఎఫ్. అనే సన్న మరవి. వాటికి 9/16 పానా కావాలి. అది 14.3 మిల్లీమీటర్లు. 14 నంబరు ఎక్కదు, 15 నంబరు ఎక్కి జారి తల గుండ్రం చేస్తుంది. పై బోల్టు తల గుండ్రమైతే ఇక గేరు బాక్సు దించాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఫియట్ మెట్రిక్ కొలతల బండి, దానితో ఈ బాధ లేదు.

పినియను రింగులో ఇరుక్కుపోయి ఉంటే మోటారు బయటికి రాదు. పాత లూకాస్ తరహా బెండిక్స్ మోటార్లకి (పినియను మర షాఫ్టు మీద తనంతట జారి రింగులోకి వెళ్లే రకం) వెనక కొసన చిన్న రేకు టోపీ ఉంటుంది. అది తీస్తే షాఫ్టు కొస నలుచదరంగా కనిపిస్తుంది. పానాతో అటూ ఇటూ తిప్పితే పినియను వదిలేస్తుంది. టోపీ లేని మోటారైతే, బ్యాటరీ తీసి, తాళం ఆపి, బండిని టాప్ గేరులో వేసి ముందుకీ వెనక్కీ ఊపండి.

బోల్టులు తీసేటప్పుడు మోటారు కింద ఒక చేయి ఉంచండి. పాత మోటారు బరువు ఎక్కువ, ముఖం మీద పడుతుంది. ఫ్లాంజి సందులో పల్చటి రేకు ముక్కలు ఉంటే అవి చెత్త కాదు, షిమ్‌లు. ఎన్ని ఉన్నాయో, ఏ వైపు ఉన్నాయో ఫోటో తీసుకుని డబ్బాలో దాచండి.

ఏం చూడాలి

ముందుగా పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. బీడు లోహంలో నెర్రె మామూలుగా కంటికి దొరకదు. దానికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. అనుమానం ఉన్న చోట కిరోసిన్, దొరక్కపోతే డీజిలు రాసి పది నిమిషాలు ఆగి శుభ్రంగా తుడిచేయండి. బడిలో రాసే సుద్దముక్క పొడి చేసి పైన అద్దండి. ఇంకో పది నిమిషాలకి నెర్రె ఉన్న చోట తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత బయటపడుతుంది. నా మోటారు రెండో చెవి బాగానే ఉందనుకున్నాను. సుద్ద చల్లాక బోల్టు బెజ్జం అంచు నుంచి వెంట్రుకంత గీత అడ్డంగా పాకి ఉంది. అది కూడా రేపో మాపో విరిగేదే.

తర్వాత ఫ్లాంజి ముఖం మధ్యలో గుండ్రంగా లేచి ఉండే మెట్టు చూడండి. అది ఇంజను ప్లేటు బెజ్జంలో సరిగ్గా దిగి కూర్చోవాలి. మోటారుని నడిమధ్యన నిలబెట్టేది ఆ మెట్టే. బోల్టుల పని దాన్ని అదిమి ఉంచడం వరకే. మెట్టు అరిగితే, బెజ్జం కోలగా సాగితే బోల్టులు ఎంత బిగించినా మోటారు కదులుతూనే ఉంటుంది. బోల్టులు లేకుండా మోటారుని బెజ్జంలో పెట్టి చేత్తో ఊపి చూడండి. చేతికి ఆట తెలిసిందంటే లేత్ పని ఉంది.

ఆ బెజ్జంలోంచే టార్చి వేసి రింగు పళ్లు చూడండి. ఇంజనుని చేత్తో తిప్పుతూ చుట్టూ చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒక చోటే ఆగుతుంది, అందుకే ఆ రెండు చోట్ల పళ్లే ముందు అరుగుతాయి. అక్కడ పళ్లు కొరికినట్టు ఉంటే ఎంత మంచి బ్రాకెట్ వేసినా ఆ రెండు చోట్లా గీరుతూనే ఉంటుంది. రింగు మార్చడం వేరే పని, గేరు బాక్సు దించాలి.

బెండిక్స్ మర షాఫ్టు మీద గ్రీజు పూయకండి. క్లచ్ దుమ్ము ఆ గ్రీజుకి పట్టి పినియను కదలకుండా చేస్తుంది. కిరోసిన్‌తో కడిగి పొడిగా వదిలేయడమే. ముందు మూతలో ఇత్తడి రంగు బుష్ వదులైతే షాఫ్టు కొస వాలిపోతుంది, చూసేవాళ్లకి బ్రాకెట్ వంకరలాగే ఉంటుంది. కొత్త బుష్ వేసే ముందు ఇంజన్ ఆయిల్‌లో ఒక రోజంతా నాననివ్వండి. అంత టైము లేకపోతే ఒక కొస బొటనవేలితో మూసి, నూనె నింపి, రెండో కొస ఇంకో వేలితో గట్టిగా నొక్కండి. బుష్ ఒంటి మీద చెమట పట్టినట్టు నూనె బయటికి ఊరుతుంది. అప్పుడు అది తాగిందని లెక్క.

విరిగిన చెవికి వెల్డింగు

ముందు మూత అల్యూమినియం అయితే ఆర్గాన్ వెల్డింగు చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఆటోనగర్‌లో అడిగితే చూపిస్తారు. మూత నూనె పీల్చుకుని ఉంటుంది కాబట్టి కడిగి, వేడి చేసి, నూనె ఊరితే తుడిచి, అప్పుడు అతకాలి. అతికాక ముఖం మళ్లీ లేత్ మీద పెట్టి చదును చేయించకుండా తెచ్చుకోకండి. వెల్డింగు వేడికి లోహం లాగేస్తుంది. చదును చూడటానికి కిటికీ అద్దం ముక్క చాలు. అద్దానికి మార్కర్ రంగు పూసి, ఆరకముందే ముఖం ఆనించి తిప్పండి. ముఖం అంతా రంగు అంటాలి. ఒక పక్కే అంటితే మళ్లీ లేత్ ఎక్కించాల్సిందే.

నా అభిప్రాయం చెప్పాలంటే, పాత సామాన్ల దుకాణంలో పగలని మూత దొరికే అవకాశం ఉన్నంతవరకు వెల్డింగు జోలికి పోవద్దు. ఒకసారి అతికిన చెవి పక్కనే మళ్లీ నెర్రె వస్తుంది. నేను ఆర్నెల్లు వెల్డింగు మూతతో తిరిగాను, తర్వాత మంచిది దొరికాక మార్చేశాను.

బోల్టు మరలు పోయి ఉంటే 3/8 మరలోకి పది మిల్లీమీటర్ల బోల్టు తోయించుకోకండి. చూడటానికి దాదాపు ఒకే లావు, మర వేరు. రెండు చుట్లు ఎక్కి అక్కడ బిగుసుకుంటుంది, బిగిసిందని మనం మోసపోతాం. లేత్ వాళ్లు తీగ చుట్ట లాంటి మర ఇన్సర్టు వేసి పాత సైజే మళ్లీ నిలబెడతారు. అదే సరైన పని.

కొత్త పట్టీ చేయించడం

వెనక పట్టీ అన్ని బండ్లకీ ఉండదు. బరువైన మోటారు ఉన్న డీజిలు బండ్లలోనూ, పాత మోటారు తీసేసి కొత్తరకం గేరు రిడక్షను మోటారు (లోపలి పళ్ల చక్రాలతో వేగం తగ్గించి బలం పెంచేది) ప్లేటుతో వేసిన బండ్లలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. నా అంబాసిడర్‌కి ముందు యజమాని ఇలాగే మార్చి వేయించాడు. మోటారు ముందు ఫ్లాంజితో పాటు వెనక కొసన కూడా బ్లాకుకి కట్టేసి ఉంచడమే పట్టీ పని. అది లేకపోతే ఇంజను అదురుకి మోటారు బరువంతా ముందు చెవుల మీద ఊగుతుంది. తప్పుగా ఉంటే లేనిదానికన్నా హాని.

కొలత తీసుకోవడానికి టేపు వద్దు. ఇంట్లో పెళ్లి శుభలేఖలు ఉంటాయి కదా, మందంగా ఉన్నది ఒకటి తీసుకోండి. మోటారుని ముందు ఫ్లాంజి బోల్టులతో పూర్తిగా బిగించి, పట్టీ లేకుండా వదిలేయండి. ఇప్పుడు శుభలేఖని బ్లాకు బెజ్జం మీద పరిచి గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో బెజ్జం అంచు చుట్టూ మెత్తగా తట్టండి. బెజ్జం అచ్చు గుద్దినట్టు కాగితం మీద పడుతుంది. అలాగే కదలకుండా పట్టుకుని మోటారు వెనక బోల్టుల దగ్గరా తట్టండి. వంపు ఉన్న చోట అట్టని మడవండి, వేలితో గీటండి. కత్తిరించాక ఆ అట్ట పట్టీయే మళ్లీ ఆనించి చూడండి. తేడా ఉంటే రెండో శుభలేఖ. అట్టతో నాలుగుసార్లు చేసినా ఖర్చు లేదు, ఇనుముతో రెండుసార్లు చేస్తే ఖర్చు.

పట్టీకి ఆరు మిల్లీమీటర్ల ఎం.ఎస్. ఫ్లాటు, అంటే మామూలు ఇనప బద్ద చాలు. మోటారు ముందు వేసే ప్లేటు అయితే ఎనిమిదికి తగ్గకండి. అట్ట మీది గుర్తులు పంచ్‌తో ఇనుము మీదకి దించి, మొదట నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్లు, తర్వాత పెద్దది వేయించండి. ఒకేసారి పెద్ద డ్రిల్లు పెడితే బెజ్జం తప్పుకుంటుంది. బ్లాకు వైపు బెజ్జం మాత్రం గుండ్రంగా కాకుండా పక్కపక్కన రెండు బెజ్జాలు వేసి మధ్యది ఆకురాయితో కలిపి కోలగా చేయించండి. బిగించేటప్పుడు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు జరుపుకోవడానికి ఆ కోలే దిక్కు.

ఆరు మిల్లీమీటర్ల ఫ్లాటుని చల్లగా ఉండగా వైసులో పెట్టి సుత్తితో పదునుగా వంచితే వంపు బయటి అంచున సన్నని నెర్రెలు పడతాయి, ఏడాదికి అక్కడే విరుగుతుంది. గ్యాసుతో ఎర్రగా కాల్చి గుండ్రటి వంపు పెట్టించండి. లేకపోతే రెండు ముక్కలు మూలమట్టంగా అతికించి లోపలి మూలలో త్రికోణం ముక్క వేయించండి. నా పట్టీకి ఆ త్రికోణమే ప్రాణం.

వెల్డింగు బండి మీద పూర్తిగా చేయించకండి. రెండు టాకాలు వేయించి విప్పి, బయట పెట్టి పూర్తి చేయించండి. ఆ రెండు టాకాలకైనా బ్యాటరీ కేబుళ్లు రెండూ తీయండి, వెల్డింగు ఎర్తు క్లాంపు పట్టీకే పెట్టమనండి. వెనక బంపరుకి పెడితే వెల్డింగు కరెంటు ఇంజను బేరింగుల గుండా, మోటారు బుష్‌ల గుండా పోతుంది, అవి చుక్కలు చుక్కలుగా కాలుతాయి. ఈ ఒక్క మాట గుర్తు చేయడానికి మొహమాట పడవద్దు.

కొత్తరకం మోటారు వేయించేటట్టయితే ముందే చూసుకోవాల్సింది పళ్లు. పినియను పళ్ల సైజు రింగు పళ్ల సైజుతో కలవాలి. రింగు పళ్లకి ఒక వైపు అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, పినియను ఆ వైపు నుంచే లోపలికి రావాలి. బెండిక్స్ మోటారుకి చేసిన రింగుకీ సోలినాయిడ్ (పినియనుని లోపలికి తోసే కరెంటు స్విచ్చి) నెత్తిన ఉన్న మోటారుకి చేసిన రింగుకీ ఆ చెక్కుడు వేర్వేరు వైపుల ఉండవచ్చు. ఇది చూడకుండా ప్లేటు చేయిస్తే ప్లేటు ఎంత బాగున్నా పళ్లు కొట్టుకుంటాయి.

ఖాళీ కొలిచి, ముఖం తోమి, వరసగా బిగించండి

సన్న కొలతలు తీసే వెర్నియర్ తీసుకోండి. ఇంజను వైపు ఫ్లాంజి ముఖం నుంచి రింగు పళ్ల అంచు దాకా లోతు కొలవండి. మోటారు వైపు దాని ఫ్లాంజి ముఖం నుంచి, పినియను వెనక్కి ఉన్నప్పుడు దాని కొస దాకా కొలవండి. రెంటికీ తేడాయే ఖాళీ. రెండు, మూడు మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. ఒకటిన్నర లోపైతే ఇంజను పరుగులో ఉన్నప్పుడు పినియను రింగుని రాస్తుంది, ఫ్లాంజి కింద ఒక షిమ్ వేయండి. షిమ్ లోహానిదే కావాలి, ఫ్లాంజి ఆకారం అంతా రావాలి. వాషరు ముక్కలు పెడితే ముఖం వంకర అవుతుంది, పైగా ఎర్తు దారి సన్నబడుతుంది.

పంటి కొసకీ ఎదుటి పంటి మొదలుకీ మధ్య సందు 0.5 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గుండ్రటి మెట్టు మీద కూర్చునే మోటారుకి ఇది షిమ్‌తో మారదు, బెజ్జం ఎక్కడుందో అక్కడే. అందుకే సొంతంగా ప్లేటు చేయించేటప్పుడు మధ్య బెజ్జాన్ని చివర్లో, కొలిచి, లేత్ మీదే కోయించాలి, గ్యాసు కట్టింగుతో కాదు. కోశాక రింగు పళ్లకి నాలుగైదిటికి మార్కర్ పూసి పినియనుని చేత్తో లోపలికి తోసి ఇంజను కొంచెం తిప్పండి. రంగు పంటి నడుమ చెరిగితే బాగుంది. పంటి ఒక చివరే చెరిగితే మోటారు వాలి ఉంది.

ఇక ముఖాలు. రెండు వైపులా ఎమిరీ పేపరుతో మెరిసేదాకా తోమండి, బోల్టు తల కూర్చునే చోటు కూడా. పెయింటు బిగించాక పైన వేసుకోవచ్చు, మధ్యలో వద్దు. కృష్ణ పక్కన వానాకాలం తేమకి తోమిన ఇనుము వారానికే ఎర్రబడుతుంది కాబట్టి బిగించాక అతుకు చుట్టూ బయట వాజిలీను పూయండి.

బిగింపు వరస ఇదీ. మోటారు మెట్టుని బెజ్జంలో చేత్తో దించండి, సుత్తి పనిలేకుండా దిగాలి. ఫ్లాంజి బోల్టులు రెండూ వేళ్లతో ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. 3/8 బోల్టుకైనా పది మిల్లీమీటర్ల బోల్టుకైనా సుమారు 40 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, అల్యూమినియంలో మర ఉంటే ఇంకొంచెం తక్కువ. బిగింపు బలం కొలిచే టార్క్ రించి లేకపోతే మామూలు పొడుగు పానాకి ఒక చేతి బలం, అంతే, పైపు తొడగవద్దు. ఇప్పుడు పట్టీ. మోటారు వైపు బోల్టులు వదులుగా, బ్లాకు వైపు బోల్టు వదులుగా. పట్టీని అటూ ఇటూ జరిపి బోల్టు వేళ్లతోనే చివరిదాకా తిరగాలి. తిరగకపోతే ఆపండి, విప్పండి, కోలని ఆకురాయితో ఇంకొంచెం సాగదీయండి. పట్టీకీ బ్లాకుకీ మధ్య సందు కనిపిస్తే సరిగ్గా అంత మందం వాషరు పెట్టండి. బోల్టుతో లాగకండి. ముందు మోటారు వైపు, ఆఖర్న బ్లాకు వైపు బిగించండి. నా బండిలో ఎవరో ఈ వరస తిరగేశారు, అందుకే టోల్‌గేటు దగ్గర చెవి పోయింది.

చివరగా లావు వైరు. సోలినాయిడ్ నెత్తిన ఉన్న కొత్తరకం మోటారుకి ఆ వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. నట్టు మీద రబ్బరు టోపీ తప్పకుండా తొడగండి, వైరు పట్టీ అంచుకి రాసుకోకుండా దూరంగా కట్టండి.

బ్యాటరీ ఎర్తు కలపండి. డిస్ట్రిబ్యూటర్ మధ్య వైరు తీసి దాని కొసని ఛాసిస్‌కి ఆనించి, ఇంజను అందుకోకుండా నాలుగైదు సార్లు, ప్రతిసారీ ఐదు సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టి వినండి. ఎవరినైనా కొట్టమని మీరు పట్టీ మీద వేలు పెట్టి చూడండి, ఫ్యాను బెల్టుకి మాత్రం చేయి దూరంగా ఉంచండి. అదురు వేలికి తెలుస్తుంది, కదలిక తెలియకూడదు. మీటరు మళ్లీ పెట్టి ఇందాకటి వోల్టులతో పోల్చండి. నాది 0.7 నుంచి 0.15కి వచ్చింది.

వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజను చల్లారిన పొద్దున పూట, బోల్టులన్నీ ఒకసారి పానాతో తాకి చూడండి. బోల్టు తల మీద నుంచి ఫ్లాంజి మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, ఆ తర్వాత ఎప్పుడు బానెట్ ఎత్తినా గీత కలిసి ఉందో విడిపోయిందో చూస్తే చాలు.